ముందు సీటు, వెనుక సీటు



ఒకడు తన డబ్బుతో కొనుక్కొన్న స్థలమును తనకు ఇష్టము వచ్చినట్లు వాడుకొనవచ్చునా? ఈ ప్రశ్న అడిగినయెడల మనలో చాలమంది, "తన సొమ్ము, తన స్థలము; అందులో తప్పేమి?" అని వెంటనే జవాబు చెప్పుదురు. మేమును ఒకప్పుడు అట్లే చెప్పియుందుము. అయితే 2023వ సంవత్సరము నవంబరు నెలలో ఒక రాత్రి, భూమికి పది కిలోమీటర్లకు పైగా ఎత్తున, నాలుగు అంగుళముల స్థలమును గూర్చి మేము నేర్చుకొన్న పాఠము వలన ఆ జవాబు మాకు ఇప్పుడు అంత సులభముగా నోట రాకున్నది. ఆ సంగతి సిగ్గు విడిచి మీకు చెప్పవలెనని ఈ మాసము కలము పట్టితిమి.

ఆస్ట్రేలియా దేశమందలి సిడ్నీ నగరములో మా చెల్లెలి కుటుంబము కాపురమున్నది. ఒక్కసారియైనను వచ్చి తమ యిల్లు చూచి పొమ్మని చెల్లెలు పలుమారు అడిగి, తుదకు టిక్కెట్టు తానే కొని పంపెను. హైదరాబాదు నుండి సింగపూరు వరకు ఒక విమానము. అక్కడనుండి సిడ్నీకి వేరొక విమానము. ఈ రెండవది రాత్రి ప్రయాణము, ఇంచుమించు ఎనిమిది గంటలు. మాకు దొరకిన ఆ విమానము ఎయిర్‌బస్ ఏ380 అను రెండంతస్తుల విమానము.

దానిని గూర్చి కొంచెము చెప్పవలెను. ప్రయాణికులను మోయు విమానములలో ఇంతకంటె పెద్దది లోకములో ఇంతవరకు తయారు కాలేదు. దాని పొడవు సుమారు 73 మీటర్లు. ఈ రెక్క కొననుండి ఆ రెక్క కొనవరకు దాదాపు 80 మీటర్లు. తోక ఎత్తు 24 మీటర్లు. మనుష్యులతోను సామానులతోను ఇంధనముతోను నిండినప్పుడు 575 టన్నుల వరకు బరువు తూగును. 2005 ఏప్రిల్ 27వ తేదీన ఫ్రాన్సు దేశమందలి తులూజ్ పట్టణమున అది మొదటిసారి ఆకాశమున కెగిరెను. టిక్కెట్టు కొనిన ప్రయాణికులతో దాని మొదటి ప్రయాణము 2007 అక్టోబరు 25వ తేదీన, మేము పోయిన ఈ సింగపూరు, సిడ్నీ దారినే జరిగెను. ఆనాటి సీట్లను వేలము వేసి, వచ్చిన సొమ్మును ధర్మకార్యముల కిచ్చిరి. కొనుగోలుదారుల కొరకు మొత్తము 251 విమానములు చేసిన తరువాత, 2021 డిసెంబరులో కడపటిదానిని అప్పగించి, కంపెనీవారు వీటిని చేయుట చాలించిరి. ఉన్నవి కొన్ని ఇంకను ఎగురుచున్నవి.

ఇందులో 853 మంది ప్రయాణికులవరకు ఎక్కింపవచ్చునని అనుమతి యున్నది. అయితే సాధారణముగా అంతమందిని ఎక్కింపరు. ఏలయనగా ఎక్కువ సొమ్ము ఇయ్యగలవారికి ఎక్కువ స్థలము ఇయ్యవలెను. 2017 నుండి సింగపూర్ ఎయిర్‌లైన్స్ వారు వాడుచున్న ఒక అమరికను చూడుడి. పై అంతస్తంతటిలో 84 మంది మాత్రమే. వారిలో ఆరుగురికి పడకలుగల చిన్న గదులు, 78 మందికి పడకగా మారు సీట్లు. క్రింది అంతస్తులో 387 మంది. వారిలో 343 మంది ఎకానమీ క్లాసువారు. ఎకానమీలో ఒక్కొక్క వరుసకు పది సీట్లు: ఈ ప్రక్క మూడు, నడుమ నాలుగు, ఆ ప్రక్క మూడు. ఒక సీటుకును దాని వెనుక సీటుకును నడుమ దూరము సుమారు 32 అంగుళములు. అదంతయు ఖాళీ స్థలము అనుకొనకుడి. సీటు మందము కూడ అందులోనిదే. మిగిలినదానిలో మన మోకాళ్లు, మన చేతిసంచి, మన భోజనపు పళ్లెము ఇమడవలెను.

మేము ఎక్కునప్పుడు పై అంతస్తువారు వేరు దారిన పోవుట చూచితిమి. అప్పుడే మా హృదయములో చిన్న మూలుగు పుట్టినదని ఒప్పుకొనుచున్నాము. "వారు పండుకొని పోవుదురు, మనము కూర్చుండి పోవుదుము" అనుకొంటిమి. ఆ మూలుగుతోనే మా సీటులో కూర్చుండి, క్షేమముగా ఎక్కితిమని చెల్లెలికి ఫోనులో చెప్పితిమి.

విమానము పైకి లేచిన తరువాత భోజనము పెట్టిరి. మేము తల వంచి ప్రార్థన చేసికొని తింటిమి. పళ్లెములు తీసికొనిపోయి దీపములు తగ్గించిన వెంటనే, మా ముందు సీటులోని యువకుడు తన చేతి ప్రక్కనున్న బొత్తాము నొక్కి, సీటును ఒక్కసారిగా వెనుకకు వాల్చెను. అది మా మోకాళ్లకు తగిలినది. మాకు కోపము వచ్చినది. "వెనుకనున్న మనిషిని ఒక్కమాటయైనను అడుగవద్దా? ఈ కాలపు పిల్లలకు మర్యాద తెలియదు" అని లోలోపల గొణుగుకొంటిమి. అతనితో మాత్రము ఏమియు చెప్పలేదు. చెప్పుటకు బదులుగా ఏమి చేసితిమో వినుడి. అతనికి కొంచెము ఇబ్బంది కలుగవలెనని మోకాళ్లను ఆ సీటు వెనుకకు ఆనించి నొక్కి పెట్టితిమి. నలువదియైదేండ్ల వయస్సుగల బోధకుడు చేయదగిన పనియా యిది? అయినను చేసితిమి.

అట్లు కొంతసేపు గడచినది. అతడు కదలలేదు. అప్పుడు మేము, "అతనికి ఉన్న హక్కు మనకును ఉన్నది గదా" అనుకొని, మా బొత్తామును నొక్కి మా సీటును చివరివరకు వాల్చితిమి. వెనుకకు తిరిగి చూడలేదు. ఆ తలంపే మాకు రాలేదు. విమానములోని గాలి పొడిగా నుండును గనుక గొంతు ఆరిపోయెను. పరిచారిక తెచ్చిన నీళ్లు త్రాగితిమి. ఎక్కడనో ఒక పసిబిడ్డ కొంచెముసేపు ఏడ్చి ఊరకుండెను. కోపము చల్లారకయే నిద్రపట్టెను. బాగుగానే నిద్రించితిమి.

తెల్లవారుచుండగా దీపములు వెలిగించిరి. క్రింద ఆస్ట్రేలియా ఖండము నడిమి భాగపు ఎఱ్ఱనేల కిటికీలలోనుండి కొంచెముగా కనబడుచుండెను. ఉదయాహారము పెట్టుదుము గనుక సీట్లు నిలువుగా పెట్టుడని పరిచారికలు చెప్పిరి. మేము మా సీటును పైకెత్తగానే వెనుకనుండి "అమ్మయ్య, ప్రభువా!" అను మాట వినబడినది. తెలుగు మాట! తిరిగి చూచితిమి. అరువది యేండ్లు దాటిన ఒక తల్లి. కూతురి కాన్పుకు సిడ్నీ పోవుచున్నదట. ఆమె రెండు కాళ్లు పొంగి, చెప్పులు పట్టక ప్రక్కన విడిచియుండెను. మోకాళ్ల నొప్పులు మొదలే యున్నవట. మా సీటు ఆమె ఒడిమీదికి వాలియుండగా రాత్రియంతయు కాళ్లు ముడుచుకొనియే కూర్చున్నది.

"అమ్మా, మమ్మల్ని లేపకపోయారా?" అని అడిగితిమి.

"ఎట్లా లేపేది అయ్యగారూ? మీరు తెలుగువారని ఫోనులో మాట్లాడినప్పుడే తెలిసింది. తల వంచి ప్రార్థన చేసుకోవడం సీటు సందులోంచి కనబడింది. దేవుని సేవకులనుకున్నాను. అలిసిపోయి పడుకున్నారు, పోనీలే అనుకున్నాను."

మా ముఖము ఎక్కడ దాచుకొందుమా అనిపించెను. "పోనీ, మీ సీటైనా వెనక్కి వాల్చుకుంటే కొంచెం సుఖంగా ఉండేది గదమ్మా" అంటిమి.

ఆమె మెల్లగా వెనుకకు చూపి, "పాపం, వెనకాల పసిపిల్లతో ఆ అమ్మాయి ఉంది కదండీ. పిల్ల ఒళ్లో పడుకుంది. నేను వాలిస్తే దాని తలకే తగిలేది" అనెను.

అంతకంటె ఎక్కువ ఆమె చెప్పలేదు. మమ్మును నిందింపలేదు. దిగిన తరువాత ఆమె సంచిని మోసి, బయట ఆమె అల్లునికి అప్పగించితిమి. అయితే రాత్రి జరిగినది సంచి మోసినంతలో తీరునది కాదు. నాటినుండి ఈ సంగతిని మేము పలుమారులు తలపోసితిమి. మాకు తోచినవి మూడు మాటలుగా మీ యెదుట పెట్టుచున్నాము.

మొదటి మాట. మనకు జరిగిన అన్యాయము ముందుండును. మనము చేయు అన్యాయము వెనుకనుండును. ఆ యువకుడు చేసినది మా మోకాళ్లకు తెలిసినది. మేము చేసినది మా వీపునకు తెలియలేదు. ఆయన పనియు మా పనియు ఒక్కటే, బొత్తాము ఒక్కటే, వాలిన అంగుళములు ఒక్కటే. అయినను ఆయన పనికి "మర్యాద లేకపోవుట" అని పేరు పెట్టితిమి, మా పనికి "హక్కు" అని పేరు పెట్టితిమి. పై అంతస్తువారిని తలంచి మూల్గిన మేము, వెనుక వరుసవారిని ఒక్కసారియైనను తలంచలేదు. మనిషికి కన్నులు ముందువైపునే యున్నవి గదా! గనుక వెనుకనున్న పొరుగువాని చూడవలెనన్నయెడల కావలెనని మెడ త్రిప్పవలెను. అది దానంతట జరుగదు.

రెండవ మాట. సీటు వాల్చుట పాపమా? కాదు. వాలుటకే దానిని చేసిరి. నిద్ర లేక రాత్రి గడపుట ఎవరికైనను కష్టమే. నిజము చెప్పవలెనన్న, ఆ నాలుగంగుళములను కంపెనీలవారు ఇద్దరికి అమ్మినట్లున్నది: వాలుటకని ముందువానికి, మోకాళ్లు పెట్టుకొనుటకని వెనుకవానికి. ఇద్దరును డబ్బు ఇచ్చియున్నారు. ఇద్దరును తమదే అనుచున్నారు. 2014 ఆగస్టులో అమెరికా దేశమున నెవార్క్ నుండి డెన్వరుకు పోవుచున్న ఒక విమానములో, ముందు సీటు వాలకుండ ఒకడు చిన్న ప్లాస్టికు బిగింపు పెట్టగా, ముందున్న స్త్రీ కోపించి అతనిమీద నీళ్లు పోసెను. ఆ విమానమును చికాగోకు మళ్లించి వారిద్దరిని దింపివేయవలసి వచ్చెను. హక్కులు మాత్రమే మాటలాడుకొన్నచోట ఇట్టిదే జరుగును.

మన రైళ్లలో జనరలు పెట్టెను జ్ఞాపకము చేసికొనుడి. అక్కడ స్థలము ఇంతకంటె తక్కువ. అయినను "కొంచెం సర్దుకోండి బాబూ" అని ఒకడు అడుగును. ముగ్గురున్న బల్లమీద నలుగురు కూర్చుందురు. తరువాతి స్టేషనుకు వచ్చునప్పటికి ఒకరి పులిహోర ఒకరు తినుచుందురు. అక్కడ తగవులు లేవని చెప్పము. కాని అక్కడ స్థలము మాటవలన దొరకును. విమానములో బొత్తాము వలన దొరకును. చేతిలో బొత్తామున్నవానికి నోట మాట అక్కరలేకపోయినది. మేము ఒక్కసారి వెనుకకు తిరిగి, "అమ్మా, కొంచెం వాల్చుకోమంటారా?" అని అడిగియుంటే ఆ రాత్రి వేరుగా నుండెడిది. సగము వాల్చుకొందుము; లేదా ఆమె లేచి అటునిటు నడచి వచ్చువరకు ఆగుదుము. ఇద్దరికిని కొంత నిద్ర దొరకెడిది.

ఇక్కడ ఒక జాగ్రత్త చెప్పవలెను. ఆ తల్లి ఓర్పు గొప్పది. అయినను, "చూచితిరా, ఆమెవలె మీరును నోరు మూసికొని ఓర్చుకొనుడి" అని బాధపడువారికి బోధించుటకు ఈ కథను వాడుకొనరాదు. ఓర్చుకొమ్మను బోధ ఎప్పుడును ఇరుకున నున్నవారికే చేయుచున్నాము. అది బోధకులమైన మా తప్పు. ఆమె మమ్మును లేపియుంటే తప్పు కాదు. ఆమె మౌనము మాకు ఇచ్చిన అనుమతియు కాదు. అడుగవలసిన భారము మోకాళ్లు నలిగినవారిమీద లేదు. చేయి బొత్తాముమీద నున్నవారిమీద నున్నది.

మూడవ మాట. ఇరుకును మనము వెనుకకు పంపుచు పోవుచున్నాము. ఎవరో ఒకరు దానిని ఆపవలెను. యువకుడు మామీదికి వాలెను. మేము ఆ తల్లిమీదికి వాలితిమి. ఆమె మాత్రము పసిబిడ్డమీదికి వాలలేదు. ఆ వరుసలో వచ్చుచున్న నొప్పి ఆమె యొద్ద ఆగిపోయినది. ఆమెకు హక్కు లేక కాదు, బొత్తాము లేక కాదు. వెనుకకు తిరిగి చూచినది గనుక. మాలో పెద్ద చదువు చదివినవాడు మేము; సెమినరీలో నీతిశాస్త్రము నేర్చుకొన్నవాడు మేము. అయితే ఆ రాత్రి ఆ శాస్త్రమును అనుసరించినది ఆమె.

యాకోబు పత్రికలో, సభకు వచ్చిన ధనవంతునికి మంచి స్థలము చూపి, బీదవానిని పాదపీఠమునొద్ద కూర్చుండుమను సంఘమును అపొస్తలుడు గద్దించిన సంగతి మీరెరుగుదురు. విమానములో ఆ ఏర్పాటు డబ్బునుబట్టి జరుగుచున్నది. దానిని మార్చుట మన చేతిలో లేదు. కాని ఒక సంగతి గమనింపుడి. ఈ విమానమునకు అనుమతి ఇయ్యకమునుపు, 2006 మార్చిలో జర్మనీ దేశపు హాంబుర్గు నగరములో ఒక పరీక్ష చేసిరి. చీకటిలో, 16 ద్వారములలో 8 మాత్రమే పనిచేయునట్లు చేసి, 853 మంది ప్రయాణికులును 20 మంది సిబ్బందియు ఎంతసేపటిలో బయటపడుదురో చూచిరి. నియమము 90 సెకండ్లు. వారు 78 సెకండ్లలో బయటికి వచ్చిరి. ఆ గడియలో పై అంతస్తు వారికొక గడువు, క్రింది అంతస్తు వారికొక గడువు అని లేదు. అందరికిని ఒకే గడువు. ప్రతివాడును తన వెనుకనున్నవానికి దారి ఇచ్చిననే అది నెరవేరును.

ఇది పరీక్షతో పోయినది కాదు. 2024 జనవరి 2వ తేదీన జపాను దేశములో టోక్యో నగరపు హనేడా విమానాశ్రయమున దిగుచున్న వేరొక పెద్ద విమానము, రన్‌వేమీదనున్న చిన్న విమానమును ఢీకొని మంటలలో చిక్కెను. చిన్నదానిలోని ఆరుగురిలో ఐదుగురు చనిపోయిరి. అది మిక్కిలి దుఃఖకరము. పెద్దదానిలోని 379 మందియు ప్రాణములతో బయటపడిరి. వారు తమ సంచులను పైన విడిచి దిగిరి. ఒక్కడు తన సంచికొరకు దారిలో నిలిచినయెడల వాని వెనుకనున్నవారందరును పొగలో నిలువవలసియుండెడిది. పౌలు ఎక్కిన ఓడ బద్దలగుటకు ముందును కొందరు నావికులు తాము మాత్రమే పడవలో తప్పించుకొన చూచిరి. అట్లు కాకుండ ఆపిన తరువాతనే 276 మందియు ఒడ్డు చేరిరి.

సంఘస్థులారా, మీలో చాలమంది విమానమెక్కియుండరు. ఎక్కనక్కరయు లేదు. మన యూళ్లలోనే ముందు సీటును వెనుక సీటును ఉన్నవి. కృష్ణా, గోదావరి కాలువలక్రింద సేద్యము చేయువారు దీనిని మాకంటె బాగుగా ఎరుగుదురు. ఎగువ రైతు తూము ఎక్కువసేపు తెరచుకొన్నాడని మనము పంచాయతీ పెట్టుదుము. మన మడి నిండిన తరువాత గట్టు తెంచి దిగువవానికి నీళ్లు విడిచితిమా, లేక "రేపు చూతము" అని ఇంటికి పోయి పండుకొంటిమా? కాలువ చివరి పొలము ఎండినప్పుడు ప్రతివాడును ఎగువకే వ్రేలు చూపును. మన మడి కూడ ఎవరికో ఒకరికి ఎగువయే గదా!

పెండ్లి భోజనములలోను ఇదే సంగతి. మొదటి బంతిలో కూర్చుండి, మారు మారు వడ్డించుకొని, సగము విస్తరిలో విడిచి లేతుము. కడపటి బంతివారికి కూర మిగిలినదో లేదో మనకు తెలియదు. ఆ బంతిలో కూర్చుండువారు సాధారణముగా ఎవరు? రాత్రియంతయు వండినవారు, వడ్డించినవారు, మన ఇంటి ఆడువారు. విమానములోను మేము నిద్రించిన రాత్రి నిలువు కాళ్లమీద నీళ్లు తెచ్చినవారు ఉండిరి. వారి ముఖములు మాకు జ్ఞాపకము లేవు.

తిరుగు ప్రయాణములో మేము సీటు వాల్చకమునుపు వెనుకకు తిరిగి చూచితిమి. ఒక విద్యార్థి యుండెను. మాకు వచ్చిన కొద్దిపాటి ఇంగ్లీషులో అడిగితిమి. అతడు నవ్వి, భోజనము ముగిసిన తరువాత వాల్చుకొనుమనెను. అట్లే సగము వాల్చితిమి. మా ముందున్నాయన మాత్రము అడుగకయే చివరివరకు వాల్చెను. మోకాళ్లు నొచ్చినవి. కోపము రాలేదని చెప్పినయెడల అబద్ధమగును, వచ్చినది. కాని ఈసారి మోకాళ్లతో సీటును నొక్కలేదు. భుజము తట్టి, కొంచెము ముందుకు జరుపుడని నోటితో అడిగితిమి. ఆయన జరిపెను. అడిగినంత మాత్రమున సరిపోయినది!

గనుక మొదట వేసిన ప్రశ్నకు మా జవాబు ఇది. కొనుక్కొన్న స్థలము మనదే. అయితే దానిని వాడుకొనునప్పుడు ఎవరి ఒడిమీదికి వాలుచున్నామో తిరిగి చూచుట మన బాధ్యత. ఈ మాసములో మీకు ఎవరిమీదనైనను కోపము వచ్చినప్పుడు, ఆ కోపముతోనే ఒక్కసారి వెనుకకు తిరిగి చూడుడి. అక్కడ ఎవరైనను కాళ్లు ముడుచుకొని కూర్చున్నారేమో! అట్లు చూచు మనస్సును ప్రభువు మనకందరికిని దయచేయును గాక. ఆమేన్.